గింత కారుల ఏముంటది?

కారు కొన్నవాళ్లు కారులో అన్నిటినీ ముట్టుకుంటారు. స్టీరింగును, గేరును, అద్దాలను, పాటల తెరను, పక్కసీటు ముందున్న అరను కూడా. ఆ అరలో కంపెనీవాడు పెట్టిన వాడకం పుస్తకాన్ని మాత్రం ముట్టుకోరు. పోలీసాయన ఆపి ఇన్సూరెన్సు కాగితం అడిగినప్పుడు అది ఒకసారి పక్కకు జరుగుతుంది, ఆ తర్వాత మళ్లా యథాస్థానం. కారు అమ్మేనాడు "షోరూం కండిషన్" అని చెప్తారు కదా, కారు మొత్తంలో నిజంగా షోరూం కండిషన్‌లో మిగిలేది ఆ పుస్తకమొక్కటే. ఎందుకు చదవలేదని గద్వాలలో అడిగినా, వనపర్తిలో అడిగినా, నాగర్‌కర్నూలులో అడిగినా వచ్చే జవాబు ఒకటే: "గింత కారుల ఏముంటది సారూ?" ఈ మూడు జిల్లాల 31, 32, 33 నంబర్ల బండ్లన్నిటి తరఫున ఎవరో తీర్మానం చేసి పంపినట్టుండే ఈ మాట కొన్నాళ్లుగా బుర్ర తింటున్నది. ఎందుకంటే, ఉంది. చానా ఉంది. పైసలిచ్చి కొన్నదే ఉంది. వాడుకోకుండా వదిలేసి, దాని బదులు బజారులో ఇంకేదో కొని తగిలిస్తున్నాం, నా తగాదా అదీ.

పెట్రోలు బంకు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి సాగదీయను. పైపు ఒక దిక్కు, మూత ఇంకో దిక్కు, "అన్నా, టాంకు అవుతల ఉన్నది, తిప్పుకొని రా" అని కేక, వెనక ఆటో హారను, ఇంతే. మీటరులో పెట్రోలు ముల్లు పక్కన బంకు బొమ్మ ఉంటుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ బొమ్మ పక్కనే చిన్న బాణం గుర్తు కూడా ఉంటుంది. అది ఎటు చూపిస్తే మూత అటు. 1986లో ఫోర్డు కంపెనీలో జిమ్ మోయ్లన్ అనే ఇంజనీరు ఆఫీసు బండిని ఇట్లాగే తప్పు దిక్కున ఆపి, వానలో తడిసి, వచ్చి కూచొని ఈ బాణం పెట్టమని కాగితం రాశాడు. మూడేళ్లలో అది బండ్లలోకి వచ్చింది, తర్వాత మిగతా కంపెనీలూ పెట్టుకున్నాయి. పాపం, ఆయన తడబడింది తనది కాని బండితో. మనం ఏండ్ల తరబడి సొంత బండి నడుపుతూ, బంకులోకి మలిగిన ప్రతిసారీ కిటికీలోంచి మెడ బయటికి పెట్టి మూత కోసం వెతుకుతాం.

ఆ "గింత కారు"కు, అంటే చిన్న కారుకు, ఢిల్లీలో ఒక లెక్కుంది. పొడుగు 4 మీటర్లు దాటొద్దు, పెట్రోలుదైతే ఇంజను 1200 సీసీ మించొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. మిగిలిన పైసలు ఎటు పోతాయో యాక్సెసరీల దుకాణాల ముందు నిలబడితే తెలుస్తుంది. ముందర ఇనుప బంపరు గార్డు మొదటి కొనుగోలు. అది చట్టవిరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసినా మన మోజు తగ్గలేదు. పెబ్బేరు సంతలో ఎద్దును కొనే రైతు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. అదే మనిషి సెకండ్‌హ్యాండు కారు కొనేటప్పుడు రంగు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తాడు. టైరుకు కూడా పళ్లున్నాయి. దాని పక్క అంచు మీద "డీఓటీ" అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం పుట్టిన టైరని అర్థం. నల్లరంగు పూసి ఎంత మెరిపించినా ఆ అంకెలు మారవు. టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే గాడి 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఇక మార్చాల్సిందే.

గాలి సంగతి ఇంకా అన్యాయం. ఎంత గాలి పట్టించాలో కంపెనీవాడు డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చోట స్టిక్కరు అంటించి మరీ చెప్పాడు. ఆ తలుపు తెరిచే దిగుతాం, తెరిచే ఎక్కుతాం, స్టిక్కరు మాత్రం చూడం. పంక్చరు షాపులో వచ్చిన ప్రతి కారుకూ ఒకటే అంకె. ఎండాకాలం వస్తే దానికి తోడు ఒక సలహా: "ఎండలు ముదిరినయ్, టైరు పేలుతది, గాలి తక్కువ పెట్టుకో." జరిగేది సరిగ్గా దీనికి ఎదురు. గాలి తగ్గిన టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ పేలడానికి దగ్గరవుతుంది. మే నెల మధ్యాహ్నం కొత్తకోట నుంచి ఎర్రవల్లి చౌరస్తా దాకా 44వ నంబరు హైవే మీద వేగంగా పోయే బండికి ఆ సలహా పనికిరాదు. గాలి కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున బయల్దేరేటప్పుడు. ఇక నైట్రోజను అని వేరే పైసలు పెట్టేవారికి ఒక్క మాట, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజను ఉచితంగా వస్తున్నది.

రాత్రిపూట ఎదురుబండి లైట్లు కంట్లో పడితే అవతలివాడి వంశమంతా మన నోట్లో నానుతుంది. చాలాసార్లు తప్పు వాడిది కూడా కాదు, వాడి డిక్కీలోని పల్లీ మూటలది. వెనక బరువు పడితే కారు ముక్కు లేస్తుంది, ముక్కుతోపాటు లైట్లూ లేస్తాయి. దీనికోసమే స్టీరింగుకు ఒక పక్కన సున్నా నుంచి మూడో నాలుగో దాకా అంకెలున్న చిన్న చక్రం చాలా చిన్న కార్లలో ఉంటుంది. బరువెక్కినప్పుడు అంకె పెంచితే వెలుతురు కిందికి దిగి రోడ్డు మీద పడుతుంది. ఆ చక్రం ఏమిటని అడిగితే "ఏసీదేమో" అంటారు. మానవపాడు, అలంపూర్ దిక్కు నల్లరేగడిలో వానాకాలం కారు దిగబడినప్పుడు ఇంకో విద్య బయటపడుతుంది. ట్రాక్టరు వస్తుంది, తాడు వస్తుంది, నలుగురు వస్తారు, తాడును బంపరుకు కడతారు. ట్రాక్టరు లాగితే బంపరు వస్తుంది, కారు అక్కడే ఉంటుంది. కారును లాగడానికి ఇనుప కొండి వేరే ఉంది. కొన్ని కార్లకు అది అడుగునే బిగించి ఉంటుంది. కొన్నిటికి జాకీ, పానాల పక్కనే విడిగా పెట్టి ఇస్తారు. బంపరు మీద కనపడే చదరపు మూత ఊడదీసి, కొండిని లోపలి రంధ్రంలో మరలాగా తిప్పి బిగించాలి. ఆ మూత ఎందుకుందని ఎవరికైనా సందేహం వచ్చిందా అంటే, వచ్చింది. ఊడిపోకుండా ఫెవిక్విక్కుతో అంటించుకున్నవారూ ఉంటారు.

ఇక కవరు. ఇది అసలు విషయం కాదు, అయినా వదిలిపెట్టి పోబుద్ధి కావడం లేదు. కొత్త కారు సీట్ల మీద పాలిథిన్ కవరు ఉంటుంది. దారిలో దుమ్ము పడకుండా ఫ్యాక్టరీవాళ్లు తొడిగింది అది, ఇంటికి రాగానే విప్పెయ్యాలి. టీవీ రిమోటుకు కవరు వేసుకునే జనం మనం, విప్పుతామా? విప్పిననాటి నుంచి కారు పాతదవుతుందని నమ్మకం. మే నెలలో అది వీపుకు అంటుకుంటుంది, లేచినప్పుడు పర్రున చప్పుడు చేస్తుంది, ఎండలో వాసన కొడుతుంది, అయినా విప్పం. కొన్నాళ్లకు ఆ కవరే చిరుగుతుందేమోనని దిగులు పట్టుకుంటుంది. దాన్ని కాపాడటానికి పైన రెగ్జిన్ కవరు కుట్టిస్తాం. రెగ్జిను కాలుతుంది గనుక దాని మీద తువ్వాల. తువ్వాల జారుతుంది గనుక దాని మీద పూసల చాప. కంపెనీవాడు చేసిన సీటుకూ, అప్పు చేసి దాన్ని కొన్న మనిషికీ మధ్య నాలుగు పొరలు! ఆ సీటు బట్ట ఏ రంగో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడెనిమిదేండ్లు ఇట్లా చెమటలు కార్చి కాపాడి, చివరికి కారు అమ్మేస్తాం. కొన్నాయన ఇంటికి పోయి మొట్టమొదట ఆ పొరలన్నీ చింపి అవతల పారేసి, కొత్త సీటు మీద దర్జాగా కూచుంటాడు. మనం ఇన్నేండ్లు కాపలా కాసింది ఆయన సీటుకు. ఒకవేళ ఆయనా మన జిల్లావాడే అయితే చింపడు, వాటి మీద ఇంకోటి కుట్టిస్తాడు.

ఈ పొరల కింద ఒకటి పూడిపోతుంది. వెనక సీటు బెల్టులు గుచ్చే కొక్కేలు. శ్రీశైలం రిజర్వాయరు ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లా నిలబెట్టుకున్న గడ్డ ఇది. సీటు కవరు కింద మునిగిన కొక్కేన్ని మాత్రం బయటికి తీయలేకపోతున్నాం. ముందుసీటుదీ ఏమంత గొప్ప కథ కాదు. బెల్టు పెట్టుకోకపోతే మోగే బజరును 2019 జులై నుంచి తప్పనిసరి చేస్తే, బెల్టు బదులు కొక్కెంలో గుచ్చి దాని నోరు మూయించే ఇనుప ముక్కను కనిపెట్టి అమ్మారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ దుకాణాలను పట్టుకుంటే, ఆ ముక్క అమ్మకపు ప్రకటనలు 13,118 తొలగించాల్సివచ్చింది. ప్రాణం కాపాడే వస్తువు కారుతోపాటే ఇస్తే, దాన్ని పనిచేయకుండా ఆపే వస్తువును పైసలు పెట్టి కొన్నాం.

వెనక సీట్లో కూచునేదెవరు? అమ్మ, అత్తమ్మ, ఒడిలో పిల్ల. మన ఇండ్లల్లో మర్యాదంతా ముందుసీటుకే జరుగుతుంది, బెల్టు పెట్టుకునేదీ అక్కడే. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండానే. అది చిన్న కారు కాదు, అందులో లేని సదుపాయం లేదు. వెనకవాళ్లూ బెల్టు పెట్టుకోవాలన్న నిబంధన అప్పటికి చాలా ఏండ్లుగా ఉన్నదే, 1000 రూపాయల జరిమానా కూడా అప్పటికే ఉంది. అలంపూర్ జోగులాంబ దర్శనానికి పోయే కార్లలో వెనక సీట్లో నలుగురైదుగురు ఇరుక్కొని, నవ్వుకుంటూ, పులిహోర డబ్బా చేతులు మార్చుకుంటూ పోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటలో ఎంత భాగం అదృష్టం మీద నడుస్తున్నదో లెక్క వేయడానికి మనసొప్పదు.

"అవన్నీ మెకానిక్కు చూసుకుంటడు" అంటారు. మెకానిక్కు చూసుకునేది చెడిపోయాక. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాము దిక్కు ఘాటు దిగేటప్పుడు ఆయన పక్కన ఉండడు, ఆయన చెప్పిన సలహా మాత్రం ఉంటుంది: "దిగుడులో న్యూట్రల్ వెయ్యి, మైలేజీ వస్తది." కార్బురేటరు కాలంలో ఆ మాటకు కొంత అర్థం ఉండేది, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800ను నడిపిన పెద్దమనుషుల్ని తప్పుపట్టను. ఇప్పటి ఇంజన్లలో పెట్రోలును కంప్యూటరు వదులుతుంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే అది పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజను ఆగిపోకుండా కొంత తాగుతుంది. ఇంజనే ఆపేసేవారుంటారు, అది ఇంకా ప్రమాదం. బ్రేకుకు బలమిచ్చేది ఇంజను పీల్చే గాలే. ఆపితే రెండు మూడు తొక్కుళ్లకు పెడలు రాయవుతుంది. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని పట్టుకుంటుంది, పెట్రోలూ మిగులుతుంది, బ్రేకులూ మిగులుతాయి. ఇవన్నీ ఆ పుస్తకం నేర్పే తరహా సంగతులే.

ఇక మిగిలింది గట్టి అభ్యంతరం: "పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది." నిజం. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. హోర్డింగు తెలుగులో ఉంటుంది, టీవీ ప్రకటన తెలుగులో వస్తుంది, షోరూం పిల్లవాడు అచ్చం మన యాసలో "అన్నా, తీస్కో" అంటాడు, సంతకాలయ్యాక చేతికొచ్చే పుస్తకం మాత్రం చాలామటుకు ఇంగ్లీషే. అమ్మేదాకా తెలుగు, అమ్మినాక ఇంగ్లీషు. లక్షలు పెట్టి కొన్నవాడికి తన వస్తువు గురించి తన భాషలో తెలుసుకునే హక్కు లేదా అని నిలదీయాల్సింది మనమే, అడిగేవాడు లేకనే అచ్చు వేయడం లేదు. అందాకా ఫోను కెమెరా పేజీ మీద పెడితే తెలుగు చేసి చూపించే యాప్‌లున్నాయి. అంతకంటే దగ్గరి దారి, ఇంట్లో ఇంగ్లీషు మీడియం ఫీజులు కట్టి చదివిస్తున్న పిల్లలున్నారు. వానలో అద్దం మసకబారితే ఏసీ ఆపకుండా, బయటి గాలి మీట తెరిచిపెట్టాలన్నది వాళ్లు చదివి చెప్తే, తుడుపుగుడ్డ పట్టుకొని డ్రైవింగు చేసే బాధ తప్పుతుంది. ఫీజుల్లో కొంతైనా గిట్టుబాటవుతుంది.

కొత్త కారు తెచ్చుకునేవారు దండ వేసి, ఫొటో దిగి, నిమ్మకాయలు తొక్కించే ముందు షోరూంలో ఒక అరగంట అడగండి. ప్రతి మీటా, ప్రతి చక్రం ఎందుకో చెప్పించుకోండి, తెలుగు పుస్తకం ఉందా అని గట్టిగా అడగండి. సీటు కవర్లు కుట్టించొద్దని చెప్పను, చెప్పినా మానరు. కుట్టేటాయనకు మాత్రం ఒక మాట చెప్పి రండి: వెనక సీటు కొక్కేలు మూడూ బయటికి కనపడాలె.