రోగి భాగస్వామ్య మహోత్సవము

ఉబ్బసరోగులకు జ్ఞానదానము గావింపదలచిన మహనీయులు ముందుగా ఆ రోగులను, వారిని కనిపెట్టుకొని యుండు ఇంటివారిని సంప్రదింపవలెనని ఈ నడుమ లోకమున నొక సిద్ధాంతము బయలుదేరినది. సిద్ధాంతము మంచిదే, దానిని మనవారు ఆచరించు విధానమే పరమాద్భుతము. కరపత్రము పట్టణమున వ్రాయబడి, అచ్చయి, కట్టలు కట్టబడిన పిమ్మట, మే మాసపు తొలి మంగళవారమున వచ్చు ప్రపంచ ఉబ్బస దినమునాడు, జ్యోతిప్రజ్వలన వేళకు ఒక రోగిని, ఆమెను వెంటబెట్టుకొని వచ్చిన కోడలిని వేదికపైకి పిలిచి, చేతికొక ప్రతి యిచ్చి ఫొటో తీయించుటయే భాగస్వామ్యము. (ఆయాసము గలవారి మొగమున కెదురుగా నూనెదీపపు పొగ యేమని అడుగకుడు, సంప్రదాయము.)

ఆ కరపత్రమును కోనసీమలోని నగరము గ్రామమునకు గొనిపోయి చదివి చూడుడు. ఇంటిలోని తివాచీలు తీసివేయవలెనట. బిడ్డల బొచ్చుబొమ్మలను ఫ్రీజరులో నుంచవలెనట! తివాచీ మొగమెరుగని మామ్మ తెల్లవారి పొయ్యిలో దూర్చునవి కొబ్బరిమట్టలు, డొక్కలు. కోడలు కూలికి పోవునది పీచుమిల్లునకు, అచటి ధూళి రాత్రికి ఛాతీలో పిల్లికూతలై పలుకును. పెండ్లికెదిగిన కూతురున్న తల్లి, ఉబ్బసపు మందు పీల్చు పంపు (ఇన్‌హేలరు) అలవాటైపోవునేమో, సంబంధములు తప్పిపోవునేమో యని, దానిని బీరువాలో చీరల మడతల నడుమ దాచును. ఈ పొగ, ఈ ధూళి, ఈ భయము, ఒక్కటియు కరపత్రమున కానరాదు.

ఊరివారి మాటను పైవారు పెడచెవిని బెట్టుట ఆ నగరము గ్రామమున క్రొత్తగాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాసు గొట్టము పేలి 20 మందికి పైగా జనులను పొట్టనబెట్టుకొనుటకు ముందే, వాసన వచ్చుచున్నదని స్థానికులు మొఱపెట్టుకొనిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ముక్కున్నవాని సాక్ష్యము చెల్లని చోట ఊపిరాడనివాని సాక్ష్యము చెల్లునా?

ఇక కరపత్రములోని మందు సంగతి. చిన్నబిడ్డకు పంపుమందు లోనికి సరిగా అందవలెనన్న పంపునకు, నోటికి నడుమ స్పేసరు అను గుల్లగొట్టము వలయును. అరలీటరు ప్లాస్టిక్ సీసాకు పంపు మూతి పట్టునంత రంధ్రము చేసి, సందు మూసి వాడినను అదే ఫలితము కలుగునని 1999లో దక్షిణాఫ్రికా వైద్యులు లాన్సెట్ పత్రికలో చూపిరి. అట్టి సీసాలు మా కాలువగట్ల నిండ దొర్లుచున్నవి. కరపత్రకర్తకు మాత్రము స్పేసరు బొమ్మ దొరకినది, ధర దొరకలేదు. అచ్చుకు ముందే పిలిచి చూపినచో మామ్మ మొట్టమొదట "ఇదెంతవుద్దండి బాబూ?" అనియే యడిగియుండును, అందులకే కాబోలు, పిలువరు. ఏడాది గడచిన పిదప సమీక్షాసభ కూడి, ప్రజలలో అవగాహన మిక్కిలి కొరవడినదని విచారించి, మరు ముద్రణకు గ్లేజు కాగితము మంజూరు చేయుదురు.