తలా ఐదు వేలు: సటీక తాత్పర్య సహితం

మూలం

"తలా ఐదు వేలు. ఎవుడికి నచ్చిన బిళ్ళ వాడు కొనుక్కోండి. వచ్చే ఉగాదికి ఎవుడి బిళ్ళ ఎక్కువ పలికిద్దో వాడికి మిగతావాళ్ళు బిర్యానీ పెట్టాల. పాతదైతే చాలు మాస్టారూ, అదే పెరిగిద్ది."

అవతారిక

ఈ మహావాక్యం కొనకనమిట్లలో, పొదిలి నుంచి మార్కాపురం పోయే రోడ్డు పక్క టీకొట్టు బెంచీ మీద వెలువడింది. కర్త ట్రాక్టరాయన. కాలం కంది ఇంటికి చేరాక పనిలేని పూట. శ్రోతలు ముగ్గురు: రిటైరైన లెక్కల మాస్టారు, కిరాణా కొట్టాయన, సినిమా పిచ్చి ఉన్న ఒక తమ్ముడు. మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని కావ్య వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన మెదకు వైపు పెద్దమనిషి, ఈ బెంచీ మీద కూర్చున్నవాడు కాదు. ఈ వ్యాఖ్యాతకు అలాంటి ఒట్టేమీ లేదు.

ప్రతిపదార్థం

తలా = ఒక్కొక్కరూ; ఐదు వేలు = ఇంట్లో చెప్పకుండా తియ్యగలిగిన గరిష్ఠ మొత్తం; ఎవుడికి నచ్చిన = ఎవరి పిచ్చి వారికి ఆనందమనే న్యాయం చొప్పున; బిళ్ళ = నాణెం; ఉగాదికి = పంచాంగంలో ఆదాయ వ్యయాలు వినే రోజుకు; ఎక్కువ పలికిద్దో = దీని సంగతి విడిగా చూడాలి; బిర్యానీ = మార్కాపురం వెళ్ళి తినేదని గ్రహించాలి; పాతదైతే చాలు = ఇది పూర్వపక్షం, కర్త ఆవేశంలో అన్నది.

తాత్పర్యం

నలుగురు స్నేహితులు పేకాట మానేసి నాణేల మీద పడ్డారని భావం.

విశేషాలు

ముందు పూర్వపక్షాన్ని ఖండించాలి. వయసే ధర అయితే శాతవాహనుల సీసపు నాణెమే అన్నిటికంటే ఖరీదై ఉండాలి. దానికి పదిహేడు వందల ఏళ్ళు దాటాయి. కానీ అవి కుండలకు కుండలు బయటపడ్డాయి గనక, మామూలు రకం ఇప్పటికీ వందల్లోనే దొరుకుతుంది. ఆరో జార్జి బొమ్మతో వచ్చిన 1939 రూపాయికి ఇంకా నూరేళ్ళు నిండలేదు. అయినా దొరకడమే కష్టం కనక దానికి నకిలీలు పుట్టాయి. నకిలీ పుట్టడం కన్నా గొప్పతనానికి వేరే ప్రమాణం అక్కర్లేదు.

పాతదాన్ని కొనడమెందుకు, తవ్వుకుందాం అనేవారు నల్లమల అంచున ఎప్పుడూ ఉంటారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయలు విక్టోరియా రాణి నాటివి. గుళ్ళల్లో అర్ధరాత్రి గునపం పట్టేవాళ్ళు ఈ పాఠం దాకా రారు.

ఇక నలుగురి ఎంపికలు. ట్రాక్టరాయన పాడైన స్పీకరులోంచి పీకిన అయస్కాంతం జేబులో వేసుకుని మార్కాపురం వెళ్ళాడు. అమ్మేవాడు గుడ్డ మీద రూపాయలు పరిచాడు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. అది నికెలు. పులిని చూసి లక్షలనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. మిగతావి కదల్లేదు. అక్కడితో లేచి వచ్చేస్తే ఆయన మోసపోయేవాడే, ఎందుకంటే సగం వెండి కూడా అయస్కాంతానికి అంటదు. అందుకని కళ్ళజోడు పెట్టుకుని సంవత్సరాలు చదివాడు. 1940కి ముందరి రూపాయిలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. యుద్ధం ముదిరాక, 1940 నుంచి 1945 దాకా కొట్టినవాటిలో సగమే. రాజు 1939 నాటి ఆరో జార్జే, బరువూ అదే తులం, అంటే 11.66 గ్రాములు. కడుపులో సరుకే వేరు. విక్టోరియావి, ఐదో జార్జివి ఏరుకుని, అరుగుదల పోగా ఉన్న వెండికి మాత్రమే డబ్బిస్తానని కూర్చున్నాడు. రెండు టీలు తాగించాక అమ్మేవాడు ఒప్పుకున్నాడు.

తమ్ముడు ఎన్టీఆర్ నాణెం కొన్నాడు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన వంద రూపాయల నాణెం అది. వెడల్పు 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. నూటికి యాభై పాళ్ళు వెండి, నలభై రాగి, మిగతాది నికెలు, జింకు. దాని మీద ఉన్నది వంద, దాన్ని అమ్మింది నాలుగు వేల పైన. లోపలి పదిహేడున్నర గ్రాముల వెండి ఆనాటి ధరకు పదిహేను వందలు కూడా చెయ్యదు. మిగతా డబ్బు దేనికని ఆక్షేపణ. అభిమానానికని సమాధానం. అభిమానాన్ని తప్పుపట్టలేం గాని, కొన్న ప్రతివాడూ పెట్టెలోంచి తియ్యకుండా దాచుకునే వస్తువు అరుదు కావాలంటే చాలా కాలం ఆగాలి. ఆ తర్వాత వెండి పెరిగి అతని పరువు కొంత నిలబెట్టింది. ఆ మేలు లోహానిది.

కొట్టాయన తామరపువ్వు ఉన్న పచ్చటి ఇరవై పైసలు నూట ఎనిమిది పోగేశాడు. 1968 నుంచి 1971 దాకా వచ్చినవి. వాటిలో బంగారం కలిసిందని ఒక నమ్మకం. లేదు. రాగి కలిసిన మిశ్రమం. పైగా పావలాతో సహా అంతకు తక్కువ బిళ్ళలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అయినా లక్ష్మీపూజకు నూట ఎనిమిది కావాలని అడిగేవారుంటారు గనక ఆయన ఆలోచన చెడ్డది కాదు. చెడిందల్లా ముహూర్తం. శ్రావణంలో అమ్ముడయ్యే సరుకును చైత్రంలో తెరవాల్సి వచ్చింది.

మాస్టారిదే అసలు విషాదం. ఆయన వెతికి వెతికి 1911 రూపాయి పట్టాడు. ఆ ఏడు ఐదో జార్జి అంగీ మీద చెక్కిన ఏనుగు అచ్చం పందిలా ఉందని జనం అల్లరి చేశారు. 1912లో ఆ బొమ్మను దిద్దారు. అందుకే మొదటిది పంది రూపాయిగా పేరుపడింది. మాస్టారి బిళ్ళ నల్లగా, మచ్చ లేకుండా ఉంది. గాలి సోకి దశాబ్దాల మీద వెండికి పట్టే ఆ నలుపును చూసే తెలిసినవాళ్ళు ధర కడతారు. ఇక్కడ ప్రతిపదార్థంలోని "ఇంట్లో చెప్పకుండా" అన్న మాటకు ప్రయోజనం కనిపిస్తుంది. చెప్పలేదు గనక మాస్టారు దాన్ని దేవుడి గూట్లో, పూజసామాను వెనక దాచారు. శుక్రవారం పొద్దున ఆయన భార్య టీచరమ్మ కుందులతో పాటు దాన్నీ చింతపండు పెట్టి, పీచుతో రుద్ది తోమేసింది. బిళ్ళ తళతళలాడింది. భూతద్దంలో చూస్తే రాజు మొహం నిండా గీతలు.

మిగిలింది "పలికిద్దో". ఎవరు పలికించాలి? అమ్మేవాడు ఫోన్లో పెట్టిన ధరే ధర అని తమ్ముడి మతం. పుస్తకంలో అచ్చయిన ధర అని మాస్టారి మతం. రెండూ నిలవవు. అడగడానికి ఖర్చేముంది? వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు పది లక్షలిస్తామన్న వీడియోలు ఈ మండలంలోనూ తిరిగాయి. ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపమంటారు, తర్వాత జీఎస్టీ అంటారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే స్పష్టంగా చెప్పింది: పాత నోట్లు, నాణేల బేరాలు తాము చెయ్యరు, ఫీజులు, కమీషన్లు అడగరు, తమ పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి సిద్ధాంతం ఇది: ఎదుటివాడు నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టినప్పుడే బిళ్ళ పలికినట్టు.

ఫలశ్రుతి

ఈ అర్థాన్ని బట్టి గెలుపు ట్రాక్టరాయనదే. ఆయన బిళ్ళలకు ఏ షరాబైనా తక్కెడలో వేసి అప్పటికప్పుడు డబ్బిస్తాడు. కొట్టాయనకు రెండో స్థానం. తమ్ముడు అమ్మనన్నాడు కనక పోటీలోంచి తొలగినట్టే, బిర్యానీలో అతని వాటా మాత్రం తొలగదు. మాస్టారి వాటా టీచరమ్మ కట్టాలన్న వాదాన్ని తోసిపుచ్చడమైనది. ఆమెకు బిళ్ళ సంగతి చెప్పనివాడే కట్టుకోవాలి.