రెండు డాలర్ల ద్రాక్షాపాకం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథ సూరిది మెదక్ దగ్గరి కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకుని కలం పట్టాడు. వైన్ మీద కలం పట్టినవాళ్ళెవరూ అలాంటి ఒట్టు జోలికి పోయినట్టు లేదు. వంద డాలర్ల సీసా మూత తీస్తే చాలు, అందులో వానకు తడిసిన అడవి నేల, పాత గుర్రపు జీను, చెక్కిన పెన్సిల్ మొన, పొగాకు ఆకు అన్నీ కనిపిస్తాయి వాళ్ళకి. లోపల ఉన్నది మాత్రం పులిసిన ద్రాక్షరసం. రెండు డాలర్ల సీసాకు టీక రాసే సూరి ఒక్కడూ దొరకలేదు. మహాకావ్యానికి రాస్తారు గానీ అరుగు మీది చాటువుకు వ్యాఖ్య ఎవరు రాస్తారు? ఆ లోటు పూడ్చడానికి ఒక వ్యాఖ్యాత బయల్దేరాడు. ఆయన పేరు అప్రస్తుతం, ఆయన జేబు మాత్రం ప్రస్తుతం.

మూలం కాలిఫోర్నియాలోని ట్రేడర్ జోస్ కిరాణా దుకాణాల్లో దొరుకుతుంది. అట్టపెట్టెల్లో నిలబెట్టి అమ్మే ఒక సీసా చీటీ అది:

చార్ల్స్ షా
క్యాబర్నే సావిన్యాన్
కాలిఫోర్నియా
750 మి.లీ.
సల్ఫైట్లు కలవు

ఛందస్సు సంగతి అడగొద్దు. గణాలు కుదరలేదు, ప్రాస అసలే లేదు. యతి మాత్రం ఒకచోట పడుతుంది, బిల్లు కౌంటర్ దగ్గర వయసు రుజువు చూపించే కార్డు తీసేటప్పుడు. ప్రాస లేని లోటును జనమే తీర్చారు. సీసాకు వాళ్ళు పెట్టుకున్న పేరు ‘టూ బక్ చక్’. బక్ అంటే డాలరు, చక్ అంటే చార్ల్స్‌కు ముద్దుపేరు, మన సుబ్బారావు సుబ్బిగాడు అయినట్టు. 2002లో ఇది అంగట్లోకి వచ్చినప్పుడు సీసా ధర డాలరు తొంభైతొమ్మిది సెంట్లు. మిగిలిన సెంటు కవిసమయం.

ఇక ప్రతిపదార్థం. చార్ల్స్ షా అనగా ఈ వైన్ చేసినవాడు కాదు. ఆ పేరుగల మనిషి నిజంగానే ఉన్నాడు. 1974లో నాపా లోయలో వైనరీ పెట్టి, ఫ్రాన్స్‌లోని బోజొలే తరహాలో తేలికపాటి ఎర్ర వైన్ చేశాడు. వైనరీ నిలబడలేదు. తోట పోయింది, పీపాలు పోయాయి, చివరికి పేరూ అమ్ముడుపోయింది. కొన్నవాడు ఫ్రెడ్ ఫ్రాంజియా. ఇప్పుడు ఆ పేరు కోట్ల సీసాల మీద తిరుగుతుంటే అసలు షాకు అందులోంచి సెంటు కూడా ముట్టదు. ఇంటిపేరు కస్తూరివారైతే ఇంట్లో గబ్బిలాల వాసన అన్న సామెత ఉంది గానీ, ఇక్కడ ఇంటిపేరే ఇల్లు మారింది.

ఫ్రాంజియా కంపెనీ పేరు బ్రాంకో. ఇంగ్లీషులో బ్రాంకో అంటే మాలిమి కాని గుర్రం కాబట్టి అదే అనుకుంటారు చాలామంది. వ్యుత్పత్తి వేరు: అన్నదమ్ములు అనే ఇంగ్లీషు మాట మొదలూ, కజిన్ అనే మాట మొదలూ అతికించారు. 1973లో ఫ్రెడ్, ఆయన సోదరుడు జోసెఫ్, కజిన్ జాన్ కలిసి పెట్టింది కాబట్టి ఇది శుద్ధ ద్వంద్వ సమాసం.

క్యాబర్నే సావిన్యాన్ అనగా ద్రాక్షజాతి పేరు. అమెరికా చట్టం ప్రకారం ఆ పేరు చీటీ మీద ఉంటే సీసాలో డెబ్బైఅయిదు శాతం ఆ జాతి ద్రాక్ష ఉండాలి. మిగతా పాతిక శాతం ఏమిటో చెప్పనక్కర్లేదు. నెయ్యి మైసూర్‌పాక్ అని రాసిన మిఠాయి కొట్టువాడు కూడా ఇంత నిజాయితీగా అబద్ధం చెప్పలేడు. ద్రాక్షజాతి దగ్గర ఫ్రాంజియాకు ఒక పూర్వకథ కూడా ఉంది. మామూలు ద్రాక్షను ఖరీదైన జిన్‌ఫాండెల్ ద్రాక్షగా చూపించడానికి లారీ లోడు మీద జిన్‌ఫాండెల్ ఆకులు చల్లేవారు. ఆ పనికి లోడును ‘ఆశీర్వదించడం’ అని పేరు. అక్షింతలు చల్లితే పెళ్ళయినట్టు, ఆకులు చల్లితే కులం మారేదన్నమాట. 1990ల మొదట్లో ఇది ఫెడరల్ కేసయి భారీ జరిమానాలతో ముగిసింది.

కాలిఫోర్నియా అనే పదం దగ్గర మాత్రం రాష్ట్ర చట్టం గట్టిది. ఆ పేరు రాస్తే ద్రాక్ష నూటికి నూరుపాళ్ళూ అక్కడిదే కావాలి. నాపా అనే పదం ఇంకా గట్టిది. నాపాలో పండని చవక ద్రాక్ష పోసిన సీసా మీద నాపా పేరున్న బ్రాండు వాడుకునే హక్కు కోసం బ్రాంకో కోర్టుకెక్కి, 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోయి ఓడింది.

మీమాంసకులు వేదవాక్యాలను విధి అనీ అర్థవాదం అనీ విడదీశారు. విధి పాటించి తీరాల్సింది, అర్థవాదం పొగడ్త. సీసా చీటీ చదవడానికి ఇంతకంటే పనికొచ్చే శాస్త్రం లేదు. ద్రాక్షజాతి, ఊరు, మిల్లీలీటర్లు, సల్ఫైట్లు విధి. ‘రిజర్వ్’, ‘ఓల్డ్ వైన్స్’ (ముసలి తీగలు) లాంటి మాటలు అర్థవాదం, అమెరికా చట్టంలో వాటికి నిర్వచనమే లేదు. నిన్న సాయంత్రం చేసిన వైన్ మీద కూడా రిజర్వ్ అని కొట్టేసుకోవచ్చు. సల్ఫైట్ల మాట చూసి చవక సరుకు కాబట్టి రసాయనం కలిపారని కొందరు ముక్కు విరుస్తారు. అది అజ్ఞానం. పదిలక్షల పాళ్ళలో పది పాళ్ళున్నా రాసి తీరాలని 1987 నుంచీ నిబంధన ఉంది. వేల డాలర్ల సీసా మీదా అదే మాట ఉంటుంది.

750 మి.లీ. అనగా మన భాషలో ఫుల్. ఇక్కడ ఒక శబ్దచర్చ తప్పదు. పంకజం అంటే బురదలో పుట్టినవన్నీ కాక తామర ఒక్కటే అయినట్టు, తెలుగునాట ‘వైన్స్’ అంటే వైన్ ఒక్కటీ తప్ప మిగతావన్నీ అయ్యాయి. బోర్డు మీద దేవుడి పేరు, పక్కన వైన్స్. లోపల బ్రాందీ, విస్కీ, బీరు. ఎవరైనా పొరపాటున వైన్ అడిగితే కౌంటర్ కుర్రాడు స్టూలెక్కి పై అరలోంచి దుమ్ము దులిపి ఒకటి తీసి, ఇది ఎక్కదన్నా అని ముందే హెచ్చరిస్తాడు. కుర్రాడిది తప్పుడు లెక్కేం కాదు. మన విస్కీలో మద్యసారం నూటికి 42.8 పాళ్ళు, వైన్‌లో పన్నెండు, పదమూడు. ఫుల్ వైన్ సీసా ఒక్కడే ఖాళీ చేస్తే ఒంట్లోకి వెళ్ళేది క్వార్టర్ విస్కీ కంటే కాస్త ఎక్కువ, అంతే. అంతసేపు కూర్చునే ఓపిక పర్మిట్ రూమ్‌లో ఎవరికుంది? ద్రాక్ష మనకు కొత్త కాదు. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పేరు మోసిందే. కాకపోతే అది పళ్ళెంలోకి వెళ్ళింది, పీపాలోకి కాదు. ఆ మాటకొస్తే ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మధువు అని విడిగా లెక్కపెట్టి, పుట్టిన దేశాన్ని బట్టి దానికి పేర్లు కూడా చెప్పాడు. సీసా మీద ఊరి పేరు రాసే చాదస్తం ఫ్రెంచివాళ్ళతో మొదలవలేదు.

ఇప్పుడు పూర్వపక్షి లేచాడు. పిండి కొద్దీ రొట్టె అన్నారు కదా, రెండు డాలర్లకు వచ్చే రొట్టె ఎలా ఉంటుంది?

సమాధానం రొట్టెలో కాదు, పిండి ధరలో ఉంది. 1990లలో కాలిఫోర్నియా రైతులు ఎగబడి ద్రాక్ష నాటారు. కాపు చేతికొచ్చేసరికి వైన్ ఏరులైంది, అమ్మబోతే అడవి అయింది. ఫ్రాంజియా కొనేవాడి వైపు నిలబడ్డాడు. పైగా ఆయన తోటల్లో ఎక్కువ భాగం నాపాలో కాదు, ఎండ మండే సెంట్రల్ వ్యాలీలో. అక్కడ నేల చవక, ఎకరానికి కాపు ఎక్కువ, కోత యంత్రంతో. ఖరీదైన వైన్‌ను పండబెట్టే కొత్త ఫ్రెంచి ఓక్ పీపా ఒక్కటీ వెయ్యి డాలర్లకు పైమాటే. అందులో పట్టేది 225 లీటర్లు, అంటే మూడు వందల సీసాలు. ఒక్క విడతకే లెక్కేస్తే సీసాకు పీపా ఖర్చే మూడు డాలర్లు దాటుతుంది. మొత్తం సీసానే రెండు డాలర్లకు అమ్మేవాడు పీపా ఎక్కడ తెస్తాడు? అందుకే చవక వైన్ల లోకంలో వైన్‌ను ఓక్‌లో పెట్టరు, ఓక్‌నే వైన్‌లో వేస్తారు, చెక్కపేళ్ళుగా. పులుసులో మునక్కాడ వేసినట్టు.

పూర్వపక్షి ఊరుకోలేదు, రుచి మాటేమిటన్నాడు. వ్యాఖ్యాత ఛాతీ విరుచుకున్నాడు. 2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో న్యాయనిర్ణేతలు చీటీ చూడకుండా రుచి చూసి, రాష్ట్రంలో మేటి షార్డొనే తెల్ల వైన్‌గా ఎంచింది ఈ చార్ల్స్ షా పేరుతోనే వచ్చిన 2005 సీసాని. డబుల్ గోల్డ్ ఇచ్చారు. వందలాది ఖరీదైన సీసాలు పక్కన నిలబడి చూశాయి. ఇక్కడితో ఆపితే వాదం గెలిచినట్టే. కానీ మల్లినాథుడి ఒట్టు గుర్తొచ్చి వ్యాఖ్యాత రెండో సగం కూడా చెప్పాడు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే చిన్న వైనరీ యజమాని సరిగ్గా ఇదే పోటీ న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్‌ను, వాళ్ళకు తెలియకుండా, మూడుసార్లు పోయించి చూశాడు. మూడుసార్లూ దాదాపు ఒకేలా మార్కులేసినవాళ్ళు పదిమందిలో ఒకరు. 2008లో ఆయన ఈ లెక్కలు ప్రచురించాడు. అంటే పతకం వచ్చినందుకు సంతోషించాలి గానీ, మరీ ఎక్కువ సంతోషించకూడదు.

అదే ఏడాది వచ్చిన మరో రెండు పరిశోధనలు ఈ టీకకు ఆయువుపట్టు. చీటీ దాచి పెట్టిన ఆరు వేలకు పైగా రుచి పరీక్షల్ని లెక్కగట్టిన ఒకదానిలో, ధర తెలియనప్పుడు మామూలు జనం ఖరీదైన వైన్‌ను ఇష్టపడకపోగా ఒక పిసరు తక్కువే ఇష్టపడ్డారు. వైన్ చదువు చదివినవాళ్ళు మాత్రం కాస్త అటు మొగ్గారు. రెండోది కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో జరిగింది. మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి ఒకే వైన్‌ను ఒకసారి పది డాలర్లదనీ, ఇంకోసారి తొంభై డాలర్లదనీ చెప్పి గొట్టంతో చుక్క చుక్కా పోశారు. తొంభై అన్నప్పుడు వాళ్ళకు ఎక్కువ నచ్చింది. మొహమాటానికి అన్న మాట కాదు, మెదడులో ఆనందానికి సంబంధించిన చోటు నిజంగానే ఎక్కువ వెలిగింది. మూలం మారలేదు, టీక మారింది. తలకెక్కింది టీకే. ఇన్నాళ్ళూ చవక సీసాకు జరిగిన అన్యాయం రుచిలో లేదు, దానికో వ్యాఖ్యాత లేకపోవడంలో ఉందని మన వ్యాఖ్యాత ఇక్కడ తొడగొట్టాడు. ఆయన స్వప్రయోజనం ఆయనది.

పాకం విషయం. అలంకారికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. నోట్లో వేసుకుంటే కరిగేది ద్రాక్ష, తొక్క వలవాల్సింది అరటి, పీచు తీసి పెంకు పగలగొడితే గానీ దక్కనిది కొబ్బరి. విచిత్రమేమిటంటే ద్రాక్షతోనే చేసినా ఖరీదైన వైన్ నారికేళమే. బిరడా తీసే మరచుట్టు కావాలి, ఆ బిరడా సగంలో విరగాలి, ఆపైన గంటసేపు గాలికి పెట్టాలి. మర మూత సీసా కదళీపాకం, తిప్పితే ఊడొచ్చేస్తుంది. అట్టపెట్టెలో సంచీతో వచ్చే వైన్ అచ్చమైన ద్రాక్షాపాకం, కుళాయి తిప్పితే ధార. అట్టపెట్టెలో వైన్ సంచీ పెట్టే ఏర్పాటును 1965లో ఆస్ట్రేలియావాడు థామస్ ఆంగోవ్ కనిపెట్టాడు. వైన్ తగ్గేకొద్దీ సంచీ ముడుచుకుంటుంది, లోపలికి గాలి పోదు, వారాల తరబడి పాడవదు. సౌకర్యం చూస్తే పెట్టె గొప్పది. పెళ్ళిలో బల్ల మీద పెట్టుకోగలిగినది మాత్రం సీసాయే.

ప్రయోగం దగ్గరికొస్తే, వైన్ పుస్తకాల్లో ఏ చీజ్‌కు ఏ వైనో ఉంటుంది గానీ గుత్తివంకాయ ఊసుండదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, సన్నీవేల్ తెలుగిళ్ళలో ఇది రోజువారీ సమస్య. కారం నోట్లో ఉండగా మద్యసారం తగిలితే మంట రెట్టింపవుతుంది, ఎర్ర వైన్‌లోని వగరు మరీ వగరవుతుంది. ఉప్పు, పులుపు మాత్రం వైన్‌ను మెత్తబరుస్తాయి. కాబట్టి ఆవకాయ ఒక చేత్తో చెడగొట్టి రెండో చేత్తో బాగుచేస్తుంది. కోడికూర, గోంగూర ఉన్న రోజున క్యాబర్నే పక్కనబెట్టి, మద్యసారం తక్కువా కాస్త తీపీ ఉన్న రీస్లింగ్ లాంటి తెల్ల వైన్ బాగా చల్లబెట్టి తాగడం మేలు. పెరుగన్నానికి ఏదీ నప్పదు. నప్పుతుందన్నవాడిని నమ్మకూడదు.

తాత్పర్యం: శనివారం రాత్రి సీసా తెరిచారు.

పాఠభేదాలు రెండు. మొదట్లో కాలిఫోర్నియా ప్రతిలో 1.99 అని ఉన్నచోట కొన్ని ఇతర రాష్ట్రాల ప్రతుల్లో రవాణా, పన్నులు కలిసి 2.99 అని కనిపించేది. 2013లో కాలిఫోర్నియా ప్రతి కూడా 2.49కి దిద్దబడింది. ధర మారినా నామం మారలేదు, దాన్ని ఇంకా టూ బక్ చక్ అనే అన్నారు.

మూలంలో చెప్పకుండా వదిలేసిన మాటను పూరించి ‘ఇతి శేషః’ అనడం వ్యాఖ్యాతల అలవాటు. ఈ మూలానికి శేషం ఒక తెలుగింటి ఫ్రిజ్ తలుపులో, ఇడ్లీ పిండి గిన్నె పక్కన, మూడో వంతు సీసా. ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తగారు నాలుగో రోజు దాన్ని తీసి వెలుతురులో పెట్టి చూసింది.

“ఏవిటి బాబూ ఇది?”

“ద్రాక్షరసం అత్తయ్యగారూ. కాస్త పులిసింది.”

“పులిస్తే మాత్రం, డబ్బులు పెట్టి కొన్నది పారబోస్తారా ఎవరైనా?” అందావిడ. ఆ రాత్రి గుమ్మడికాయ పులుసు చామనఛాయకు నాలుగాకులు ఎక్కువ నలుపు తేలింది. అల్లుడు రెండోసారి వడ్డించుకున్నాడు.