ఆన్‌లైన్ పాటకు పోయే రైతుకు కొన్ని తలకిందుల సలహాలు

జనగామ జిల్లా రఘునాథపల్లి చుట్టుపక్కల పంట ఇంటికి చేరే రోజుల్లో సలహాలకు కరువుండదు. "పచ్చివి అడుగున పోయ్, ఎండినవి పైన పోయ్." "అంతా ఒక్కటే రాశి చెయ్, గింజ ఎక్కువ కనబడితే కొనేటోళ్లు ఎగబడతరు." "పడ్డ ధర ఇడువకు, రేపు ఇది కూడ రాదు." చెప్పేవాళ్లు మేనమామలు, బావలు, పక్క చేను పెద్దమనుషులు. మన మేలు కోరే చెప్తారు. నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. వింటే తిక్క సలహాల్లా ఉంటాయి. అయినా మక్కలు, కందులు, మిర్చి మార్కెట్‌కు తోలే ప్రతి ఇంటికీ ఇవి చేరాలని నా ఆశ.

మొదటిది: మీ సరుకులో లోపం ఉంటే మీరే ముందుగా చెప్పండి.

ఈ మాట నాకు ఊరికే తెలియలేదు. ఒక ఏడు కోత టైముకు వాన పట్టుకుంది. మక్కలు సగమే ఎండాయి. పెద్దవాళ్లు చెప్పినట్టే పచ్చివి సంచుల అడుగుకు పోయేలా నింపాను. నమూనా పైనుంచి తీశారు, తేమ బాగానే వచ్చింది, ధర కూడా మంచిదే పడింది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కూడా. కాంటా దగ్గర హమాలీ ఒక సంచి కుమ్మరించేసరికి అడుగు గింజలు చేతికి మెత్తగా తగిలాయి. కొన్నతను మిగతా సంచులు విప్పలేదు, అన్నీ అంతే అనుకున్నాడు. ధరలో కోత కొన్నింటికి కాదు, మొత్తానికి పడింది. ఎండలో నాలుగు రోజులు మా అమ్మ కాళ్లతో తిరగేసి ఎండబెట్టిన గింజలూ ఆ కోతలోనే పోయాయి. ఆ తప్పు నాది, నష్టం ఆమె కష్టానిది.

ఆ రోజు జరిగిందానికి ఒక సూత్రం ఉందని తరవాత చదివాను. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల అమ్మకం గురించి ఒక వ్యాసం రాశాడు. ఏ కారు మంచిదో ఏది చెడ్డదో కొనేవాడికి తెలియకపోతే చెడ్డవీ ఉంటాయని మనసులో పెట్టుకుని అన్నింటికీ తగ్గించే ధర కడతాడు, దాంతో మంచి కారు ఉన్నవాడు సంతకే రాడు అని దాని సారం. 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. కార్ల బదులు మక్కలు అనుకోండి, అది మన యార్డే. నోటి పాటలో ఖరీదుదారు రాశిలో చెయ్యి పెట్టి, గింజ కొరికి చూసేవాడు. ఫోన్ తెర మీద ధర వేసేవాడికి, వేరే ఊళ్లో కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. చెయ్యి పెట్టలేని చోట అనుమానం పెడతాడు. ఆ అనుమానానికి కట్టే డబ్బు మన జేబులోంచే పోతుంది.

అందుకే ఈ ఆన్‌లైన్ పాట నడిచే జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు పాట కాదు, నమూనా పరీక్ష. 2016 ఏప్రిల్ 14న దేశం మొత్తం మీద 21 మార్కెట్లతో ఈ ఏర్పాటు మొదలైనప్పుడు మన వరంగల్ అందులో ఉంది, జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలోని తిరుమలగిరి కూడా ఉంది. 2020 మే నాటికి మార్కెట్లు వెయ్యికి చేరాయి. గేటు దగ్గర పేరు రాసి లాట్ నంబరు ఇస్తారు, నమూనా తీసి తేమ, చెత్త, విరిగిన గింజలు చూస్తారు, ఆ వివరాల మీద వ్యాపారులు ధర వేస్తారు. కాబట్టి "సారూ, అడుగు నుంచి కూడా తీయండి" అని మీరే అడగండి. నమూనా తీసేటప్పుడు చాయ్‌కి పోకండి. మక్కలకు మద్దతు ధర ప్రమాణం 14 శాతం తేమ, వడ్లకు 17. ఇంటి దగ్గరే ఆ లెక్కకు దగ్గరగా వచ్చాక తోలండి. రాకపోతే ఉన్న తేమను ఉన్నట్టే చెప్పండి.

రెండోది: రాశిని విడగొట్టండి, పక్కింటి రాశితో కలపండి. మంచీ చెడూ కలిపితే సగటు ధర వస్తుందని లెక్క వేస్తాం. రాదు, చెడు ధర వస్తుంది. మిర్చి పండించే ఇంట్లో ఆడవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎర్ర కాయలోంచి తాలు ఏరకుండా ఎవరు తోలతారు? మక్కలకూ కందులకూ మాత్రం ఆ ఓపిక పెట్టం. రెండు రకాలుంటే రెండు లాట్లు రాయించండి. అయితే లాట్ మరీ చిన్నదైతే లారీ నింపుకోవాల్సిన దూరపు వ్యాపారి దాన్ని పట్టించుకోడు. అప్పుడు మీలాంటి సరుకే ఉన్న పక్కింటి బావతో కలవండి, లేదంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా వెళ్లండి.

మూడోది: పేపర్లో వచ్చిన ధర చూసి బండి కట్టకండి. మిర్చికి జెండా పాట ధర పెద్దక్షరాలతో వేస్తారు. అది ఆ రోజు యార్డులో మేలైన రాశికి పడ్డ ధర. మిగతావి దాని కిందే ఉంటాయి. ఆ ఒక్క అంకె చూసి అందరూ మర్నాడే వస్తే యార్డు నిండిపోయి ధర జారుతుంది. అడగాల్సింది ఎక్కువ ధర కాదు, ఎక్కువమందికి పడ్డ ధర. ఈ ఒక్క ప్రశ్న అడ్తిదారును సూటిగా అడగండి.

నాలుగోది చెప్పడానికి నాకే కొంచెం భయం, ఎందుకంటే అప్పు నెత్తిన ఉన్నవాడికి ఇది కష్టం. అయినా చెప్తాను: పడ్డ ధర నచ్చకపోతే వద్దనండి. ఆన్‌లైన్ పాటలో గెలిచిన ధరను ఒప్పుకోవడమో కాదనడమో రైతు హక్కు. చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినా నోరు రాదు. బండి కిరాయి, హమాలీ, సాయంత్రం మబ్బు, అన్నీ గుర్తొస్తాయి. అందుకే బండి కట్టకముందే ఇంట్లో కూర్చుని ఒక అంకె రాసుకోండి: దీని కింద ఇవ్వను అని. ఆ అంకెలో మద్దతు ధరనూ, తిరిగి తెచ్చుకునే ఖర్చునూ చూసుకోండి. మార్కెట్ గోదాములో సరుకు పెట్టి దాని మీద అప్పు తీసుకునే వీలుందేమో ముందే కనుక్కోండి. ఇంటికి తీసుకుపోవడం తప్ప దారి లేదనుకున్నప్పుడే మనిషి లొంగిపోతాడు.

వద్దనడానికి ధైర్యం ఎక్కడిదంటే జనగామ యార్డునే గుర్తు చేస్తాను. 2024 ఏప్రిల్‌లో మద్దతు ధర కంటే బాగా తక్కువకు వడ్లు అడుగుతున్నారని రైతులు అక్కడ ఆందోళనకు దిగారు. అప్పుడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. అదనపు కలెక్టర్ వచ్చి కొందరు వ్యాపారుల మీద కేసులు పెట్టించారు. ఆ రోజు రైతులందరూ తల వంచుకుని కాంటా దగ్గరికి పోయి ఉంటే ఎవరూ వచ్చేవారు కాదు.

ఇంక చిన్నవి. గేటు దగ్గర మీ ఫోన్ నంబరే రాయించండి, సాయం చేసేవాడిది కాదు. ధర సందేశం ఎవరి ఫోన్‌కు వస్తే నిర్ణయం వాళ్ల చేతికి పోతుంది. బ్యాంకు ఖాతా కూడా మీదే ఇవ్వండి, పంట పని చేసింది మీ ఇంటావిడ అయితే ఆమెది ఇవ్వండి. కాంటా వేసేటప్పుడు దడువాయి చెప్పే అంకెను మీరూ రాసుకోండి. తక్‌పట్టీ తీసుకుని లాట్ నంబరు, బస్తాలు, తూకం, ధర, కోతలు ఒక్కొక్కటీ చూడండి. కోత దేనికో రాసి లేకపోతే అక్కడే అడగండి. అర్థం కాకపోతే కాలేజీకి పోయే కూతురికి ఫోన్‌లో ఫోటో పంపండి, ఆమె చదివి చెప్పేదాకా గేటు దాటకండి.