రెండో పేజీ ఆత్మకథ

నవల చేతికొస్తే అట్ట చూస్తారు, వెనకట్ట మీద నాలుగు మాటలు చదువుతారు, తిన్నగా మొదటి అధ్యాయానికి వెళ్లిపోతారు. టైటిల్ పేజీ వెనక చిన్న అక్షరాలతో ఉండేదాన్ని నేను. ప్రథమ ముద్రణ, ప్రతులు 500, వెల రూ. 180, ముఖచిత్రం ఎవరు వేశారు, ప్రతులు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ నా మీదే. వాటి మధ్య 'సర్వహక్కులు రచయిత్రివి' అని ఒక వరుస. దాని కింద ఆవిడ చిరునామా, సెల్ నంబరు.

నేనుండే మొదటి ఫారం ఆఖర్న అచ్చవుతుందని ప్రెస్సు వాళ్లందరికీ తెలుసు. ముందుమాట రాసేవారు ఆలస్యం చేస్తారు, ఐఎస్‌బీఎన్ రావాలి, వెల తేలాలి. విజయవాడలో మిగతా ఫారాలన్నీ మడతపెట్టి కట్టలు కట్టాక నేను మిషనెక్కాను. ఆవిడ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. వచ్చిన గ్రాట్యుటీలోంచి తీసి అచ్చేయించుకుంది. తెలుగులో ఎన్నో నవలలు ఇలాగే బయటికొస్తాయి. రచయితే పబ్లిషరు, పార్సిళ్లు కట్టేదీ రచయితే.

నా మీది నంబరుకు ఫోన్లు వచ్చేవి. అనంతపురం నుంచి ఒక లెక్చరరు, "మూడో అధ్యాయం జిరాక్సు తీసి పిల్లలకు పంచొచ్చా అమ్మా?" అని అడిగాడు. "నిక్షేపంగా పంచు బాబూ" అంది. షార్ట్ ఫిల్మ్ తీస్తానన్న కుర్రాడితో స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుంది. కన్నడంలోకి అనువదిస్తానన్న ఆమెకు పైసా అడక్కుండా అనుమతి పత్రం పంపింది. సీరియల్ తీస్తామన్న వాళ్లకు మాత్రం ఎంతిస్తామన్నా వద్దంటే వద్దంది. సరేనన్నా, కాదన్నా ఆ మాట ఆవిడదే. నేనున్నది అందుకే.

తర్వాత ఎవరో పుస్తకాన్ని ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసి పీడీఎఫ్ చేశారు. నన్ను అణిచిపట్టిన బొటనవేలు సరిగ్గా ఆవిడ నంబరు మీద పడింది. ఆ పీడీఎఫ్ గ్రూపుల్లో తిరిగింది, ఉచిత డౌన్‌లోడ్ సైట్లకెక్కింది. అక్కణ్నుంచి కృత్రిమ మేధ శిక్షణ కోసం పోగేసే కుప్పల్లో పడిందో లేదో తెలుసుకునే దారి ఆవిడకు లేదు. పోగేసిన రాతను యంత్రానికి ఇచ్చేముందు శుభ్రం చేస్తారు. పేజీ నంబర్లు, పదేపదే వచ్చే శీర్షికలు తీసేస్తారు. నాలాంటి పేజీలూ ఆ ఊడ్పులో పోవచ్చు. అప్పుడు కథ లోపలికి వెళ్తుంది, కథ ఎవరిదో చెప్పే వరుస వెళ్లదు.

అమెరికాలో ఇలా పుస్తకాలను శిక్షణకు వాడుకోవడం కోర్టుకెక్కింది. ఆండ్రియా బార్ట్జ్, మరో ఇద్దరు రచయితలు 2024లో ఆంత్రోపిక్ అనే కృత్రిమ మేధ కంపెనీ మీద దావా వేశారు. పుస్తకాలతో యంత్రానికి శిక్షణనివ్వడం చట్టం ఒప్పుకునే వాడకమేనని, దొంగ సైట్ల నుంచి 70 లక్షలకు పైగా ప్రతులు దించుకుని దాచుకోవడం మాత్రం కాదని 2025 జూన్‌లో జడ్జి విలియం ఆల్సప్ తేల్చారు. రెండు రోజులకే మరో జడ్జి విన్స్ ఛాబ్రియా, మెటా కంపెనీ గెలిచిన ఇలాంటి కేసులోనే, అనుమతి లేని శిక్షణ చాలా సందర్భాల్లో చట్టవిరుద్ధమే అవుతుందన్నారు. నాకు ఈ రెండో మాటే సబబుగా తోస్తుంది. ఆ సెప్టెంబరులో ఆంత్రోపిక్ 150 కోట్ల డాలర్లకు రాజీపడింది. దాదాపు 5 లక్షల పుస్తకాలకు, ఒక్కోదానికి సుమారు 3,000 డాలర్లు.

వార్త చూసి ఆవిడ మనవడు, "అమ్మమ్మా, నీకూ వస్తుందేమో" అంటూ నిబంధనలు తిరగేశాడు. అమెరికా కాపీరైట్ ఆఫీసులో గడువులోగా రిజిస్టరైన పుస్తకాలకేనట. మన 1957 చట్టంలో రాయగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికినన్నాళ్లూ, పోయాక 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. ఆ చట్టాన్ని నమ్ముకుని అచ్చేసిన మా తెలుగు పుస్తకాలు ఆ రాజీ లెక్కలోకి రావు.

2024 అక్టోబరులో పెంగ్విన్ రాండమ్ హౌస్ తన పుస్తకాల్లో నాలాంటి పేజీలకు ఒక వరుస చేర్చింది, ఏ భాగాన్నీ కృత్రిమ మేధ శిక్షణకు వాడరాదని. రెండో ముద్రణలో ఆవిడ కూడా ఆ మాట తెలుగులో వేయించింది.

మన దేశంలోనూ కదలిక వచ్చింది. 2024 నవంబరులో ఏఎన్‌ఐ వార్తాసంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, భారత పబ్లిషర్ల సమాఖ్య కూడా ఆ కేసులో చేరింది. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ కమిటీ ఒక ప్రతిపాదన బయటపెట్టింది. చట్టబద్ధంగా దొరికే రచనలన్నీ కంపెనీలు శిక్షణకు వాడుకోవచ్చు, బదులుగా రాయల్టీ కట్టాలి, రచయిత కాదనడానికి మాత్రం వీల్లేదు. రాయల్టీ రావడం మంచిదే, ఇన్నాళ్లూ పైసా చూడనివాళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ సీరియల్ వాళ్లను కాదన్న మనిషి యంత్రాన్ని ఎందుకు కాదనకూడదు? ఏ సంఘంలోనూ సభ్యత్వం లేకుండా 500 ప్రతులు వేసుకున్న రచయితకు ఆ సొమ్ము చేర్చేదెవరు?

శిక్షణకు ఏమేం వాడారో సారాంశమైనా చెప్పాలని యూరప్‌లో 2025 ఆగస్టు నుంచి నిబంధన ఉంది. మా పుస్తకాలకు సారాంశం చాలదు. పుస్తకం పేరు తెలుగులో కొట్టి వెతికితే దొరికే జాబితా కావాలి. అందులో తన పేరు కనబడ్డ రచయిత వద్దంటే, తర్వాతి శిక్షణలోంచి ఆ పుస్తకాన్ని తీసెయ్యాలి.