రోంత అడ్జస్ట్ చేసుకోండి: అనంతపురానికి కొత్తగా వచ్చేవారికి మార్గదర్శిని

అనంతపురంలో కాపురం పెట్టబోయేవారికి తెలుగు అటూఇటుగా ఉన్నా ఫర్వాలేదు, కన్నడం రాకపోయినా గడుస్తుంది. అడ్జస్ట్ అనే ఇంగ్లీషు క్రియ రాకపోతే మాత్రం బస్సులో సీటు దొరకదు, బ్యాంకులో అప్పు తెమలదు, పెళ్లిలో విస్తరి ముందు చోటుండదు. నిఘంటువు తిరగేస్తే గడియారం ముల్లు సరిచేయడం, కళ్లద్దాలు సవరించుకోవడం, బీమా కంపెనీవాళ్లు నష్టం లెక్కగట్టడం లాంటి మర్యాదైన అర్థాలు కనిపిస్తాయి. వాటితో ఇక్కడ పెద్దగా పనిలేదు.

ముందు వ్యాకరణం నేర్చుకోవాలి. ఇంగ్లీషు మాటకు తెలుగువాళ్లు తగిలించిన తోకలోనే కిటుకంతా ఉంది. ‘రేటు రోంత అడ్జస్ట్ చెయ్యన్నా’ అన్నవాడు కొనడానికి వచ్చాడు. ‘అడ్జస్ట్ చేస్తాంలే’ అన్నవాడు ఇవ్వాల్సినవాడు. ఎప్పుడిస్తావని అడగడం మర్యాద కాదు. ‘అడ్జస్ట్ చేసుకోండి’ అని వినబడితే నష్టం వినేవాడి ఖాతాలో పడిపోయినట్టే. ‘అడ్జస్ట్ అయిపోమ్మా’ అంటే పెద్దలు ముందే మాట్లాడేసుకున్నారు.

బస్సు సంగతి తేలిక. పల్లెవెలుగులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గర నిలబడి ‘రోంత అడ్జస్ట్ చేసుకోన్నా’ అనాలి. జవాబు కోసం చూడకుండా కూర్చోవాలి. కిటికీ పక్కనున్నవాడు నిద్ర నటిస్తాడు. రేపు మనమూ నటిస్తాం.

అసలు విద్య బ్యాంకులో ఉంది, కాబట్టి అక్కడ కాస్త నిలబడాలి. పంట రుణానికి వడ్డీ 7 శాతం. మూడు లక్షల లోపు అప్పును గడువులోగా కట్టేస్తే అందులో 3 శాతం కేంద్రం భరిస్తుంది. నిబంధన బంగారం లాంటిది. కానీ గడువు వచ్చేనాటికి శెనక్కాయ చెట్టుకు ఊడలు దిగాల్సిన వేళ వాన మొహం చాటేసి ఉంటుంది. అప్పుడు మేనేజరు, రైతు ఎదురెదురుగా కూర్చుని ఒక కాగితం మీద పాత అప్పు తీరిందని, మరో కాగితం మీద కొత్త అప్పు పుట్టిందని రాసుకుంటారు. రెండూ ఒకే పూటలో అయిపోతాయి. పేపర్లవాళ్లు దీన్నే బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. బ్యాంకుకు మొండిబాకీ కనబడదు, పంట రుణాల లక్ష్యం నిండుతుంది, రైతుకు వడ్డీ రాయితీ చేజారదు. ఇంతమంది సంతోషించే ఏర్పాటులో విత్తనాలకు డబ్బెక్కడిదని అడగడం అపశకునం. దానికి ఊళ్లో రెండు రూపాయల వడ్డీ ఉండనే ఉంది. ఏడాదికి 24 శాతం. లేదు, నగదు కట్టి చూపించాల్సిందేనని మేనేజరు పట్టుబడితే, ఒక్కరోజుకు చేబదులు తెచ్చి పొద్దున కట్టి, కొత్త అప్పు చేతికందాక తిరిగిచ్చేయాలి. పాసుపుస్తకం, 1బి, అడంగల్ నకళ్లు మరిచిపోకూడదు. తడిసిన పొలం కన్నా ఎండిన కాగితానికే అక్కడ విలువెక్కువ.

ఈ చిట్కా దగ్గర మాత్రం వెటకారం పూర్తిగా నిలవదు. వడ్డీని అసలులో కలిపి వరుసగా తిప్పుతూ పోతే, రైతు చేతికి కొత్తగా రూపాయి రాకుండానే అప్పు పెరుగుతుంది. పంటల బీమా సొమ్ము వచ్చినా పాత బాకీకి జమైపోవడం ఇక్కడ వింత కాదు. తీసుకున్నవాడు, ఇచ్చినవాడు ఇద్దరూ తప్పు చేయలేదు. చేయకపోవడమే చిక్కు: ఎవరి మీద కోపగించుకోవాలో తెలియదు.

నీళ్ల విషయంలో ప్రభుత్వాలే ఆదర్శం. తుంగభద్ర ఎగువ కాలువ కింద ఆంధ్రప్రదేశ్‌కు రాసిపెట్టిన వాటా 32.5 టీఎంసీలు. కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టిన డ్యాం పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీలకు కాస్త పైన ఆగిపోయింది. కాబట్టి ఏటా తుంగభద్ర బోర్డువారు ఎన్ని నీళ్లు వస్తాయో అంచనా కట్టి, లోటును దామాషాలో అందరికీ పంచుతారు. ఇది న్యాయమే, కాదనలేం. పూడికను జరగమని ఎవరూ అడగలేదంతే.

సాగులో అడ్జస్ట్ కావాలంటే క్యాలెండరు చాలు. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో ఎడారి జైసల్మేరు తర్వాత స్థానం తమదేనని అనంతపురంవాళ్లు కొంత బాధతో, కొంత గొప్పగా చెప్పుకుంటారు. జులై దాటినా పదును కాకపోతే ప్రత్యామ్నాయ పంటలని అధికారులు ఉలవ, అలసంద, కొర్ర, జొన్న పేర్లు చదువుతారు. ఒకప్పుడు తాతలు వాటినే తిన్నారు, పిల్లలు ముఖం చిట్లించుకున్నారు, శెనక్కాయ వచ్చి అన్నిటినీ పక్కకు జరగమంది. ఇప్పుడు రాయితీ మీద తిరిగొస్తున్నాయి.

కోడళ్లకు ప్రత్యేక చిట్కాలేమీ లేవు. వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కుళాయిలో నీళ్లు అర్ధరాత్రి వస్తే లేచేదెవరో, చపాతీలు తక్కువైతే చివర తినేదెవరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఈ క్రియను మగవాడు వాడినంతగా పాటించడు. ఈ వ్యాసం రాసేవారి ఇంట్లోనూ అంతే.

ఇన్ని నేర్చినా తోచకపోతే బెంగళూరు రైలెక్కాలి. కదిరి, హిందూపురం వైపు నుంచి వెళ్లి అక్కడ ఇళ్లు కట్టేవాళ్లకు కొత్త పాఠాలు అక్కర్లేదు. ఊరంతా ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అనే పలుకుతుంది. ఇల్లు అద్దెకు కావాలంటే పది నెలల అడ్వాన్సు అడగడం అక్కడి పాత ఆచారం. పనుల్లేని నెలలో అద్దెను ఆ అడ్వాన్సులో అడ్జస్ట్ చేసుకోమని అడిగి చూడండి. ఓనరుకు ఆ ఒక్క మాట ఉన్నట్టుండి అర్థం కాదు. ఖాళీ చేసే రోజున గోడలకు సున్నం ఖర్చు మినహాయించేటప్పుడు తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింట్లోనూ అర్థమవుతుంది.