జబ్బు పేరు దాచిపెట్టాను

టీబీ అని తేలినాక ఫ్యాక్టరీలో నేను చెప్పిన పేరు కామెర్లు. ఇంట్లోవాళ్లకు ఊపిరితిత్తుల్లో నెమ్ము అని చెప్పాను. ఆ రెండు అబద్ధాలే నా సంసారాన్ని అప్పులపాలు చేశాయి.

మాది మదనపల్లె దగ్గర అంగళ్లు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం. టీబీకి మందు అన్నదే లేని 1915 నుంచే అక్కడ శానిటోరియం నడిచింది. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, అప్పట్లో వైద్యమంటే అదే. యాడాడి నుంచో జనం బతుకు మీద ఆశతో అక్కడికి వచ్చేవాళ్లు. ఆ నేలమీద పుట్టినవాడిని, నాకే ఆ జబ్బు పేరు పలకడానికి నోరు రాలేదు. మా చిన్నప్పుడు 'శానిటోరియం కేసు' అంటే ఆ ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు కాదు. నాకూ ఒక కూతురుంది. ఆ భయమే నా నోరు కట్టేసింది.

బెంగళూరులో ప్యాకింగ్ సెక్షన్‌లో ఆరేళ్లు చేశాను. జీతం 15,000. జీతం కాగితంలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) అని నెలకు 113 రూపాయలు కోసేవాళ్లు. మన జీతంలో 0.75 శాతం మనది, దానికి తోడు 3.25 శాతం యజమానిది. ఆ గడి కేసి నేనెప్పుడూ చూసింది లేదు. నాతో పనిచేసే పిల్లోడొకడు మాత్రం చెప్పాడు: "అన్నా, ఈఎస్ఐ డిస్పెన్సరీకి పో. డాక్టరుతో సర్టిఫికెట్ రాయించుకో. ఇంట్లో ఉన్నా డబ్బులొస్తాయి."

"పని చేయకుండా ధర్మం డబ్బు తినే ఖర్మ నాకేం పట్టలేదురా" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆరేళ్లు నా కూలిలోంచి కోసిన డబ్బును నేనే ధర్మం అన్నాను.

మామూలు జబ్బుకైతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. నయం కావడానికి చాలాకాలం పట్టే 34 జబ్బులకు వేరే లెక్క ఉంది. రెండేళ్లు విడవకుండా పనిచేసి, నాలుగు అర్ధసంవత్సరాల్లో 156 రోజుల చందా పడి ఉంటే 80 శాతం వస్తుంది, అవసరమైతే రెండేళ్ల దాకా. ఆ జాబితాలో టీబీ ఉంది. అంటే నాకు నెలకు దగ్గరదగ్గర 12,000. జబ్బు భృతి తీసుకుంటున్న మనిషిని పనిలోంచి తీసేయకూడదని 1948 ఈఎస్ఐ చట్టంలోనే రాసి ఉండేది, 73వ సెక్షన్‌లో. ఉద్యోగం పోతుందని భయపడి నేను చేసిందేమిటి? నా చేత్తో నేనే రాజీనామా రాసిచ్చాను.

తర్వాత ప్రైవేటు క్లినిక్కులు పట్టుకొని తిరిగాను. కొంచెం తేలికపడగానే మందులు ఆపేశాను. మళ్లీ తిరగబెట్టింది, ఈసారి మామూలు మందులకు లొంగలేదు. సర్కారు ఆసుపత్రిలో మందులు ఊరికే ఇస్తారు, తిండికని బ్యాంకులో డబ్బు కూడా వేస్తారు. పేరు రాయిస్తే ఆశా వర్కరు ఇంటికొస్తుంది, వీధంతా తెలిసిపోతుందని అక్కడికీ పోలేదు. నాతోపాటు ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాలన్న సంగతి అందువల్లే నాకు చెప్పేవాళ్లు లేకపోయారు. దగ్గుతూ నా కూతురి పక్కనే పడుకున్నాను. నేను చేసినవాటిలో నన్ను నేను క్షమించుకోలేనిది ఇది. డబ్బు సంగతి దీని తర్వాతే.

పాలిచ్చే ఆవును అమ్మేశాం. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాం. నా భార్య తెల్లారకముందే మదనపల్లె మార్కెట్టుకు పోయి టమాటాలు గ్రేడింగ్ చేసేది. చివరికి ఆమే నా ఎక్స్‌రేలు తీసుకుపోయి డాక్టరుకు చూపించి నిజం తెలుసుకుంది. "పేరు చెప్పుంటే నేనేమన్నా వదిలేసి పోతానా?" అని ఒక్కమాట అడిగింది. ఆ వారంలోనే పిల్లకు పరీక్ష చేయించింది. దానికి ఏమీ లేదు.

వైద్యం పూర్తయి కోలుకున్నాక ఈఎస్ఐ గురించి అడగడానికి పోయాను. నా ఊపిరితిత్తులు చెడ్డాయని చూపించే ఎక్స్‌రేలు సంచినిండా ఉన్నాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ మనిషి పనికి పోలేడని ఈఎస్ఐ డాక్టరు రాసిన కాగితం మాత్రం ఒక్కటీ లేదు. ఆ కాగితం లేకుండా కౌంటరులో మాట్లాడటానికేమీ మిగల్లేదు.

ఇప్పుడు తేలికపాటి పని చేసుకుంటున్నాను. అప్పు ఇంకా ఉంది. పొదుపు సంఘంలో కంతు నా భార్యే కడుతోంది.